ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 4.0 కొత్త సింటాక్స్: వారం రోజులు వాడి చూశా

ముందే చెప్పేస్తున్నా, ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ (ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లని వేరే రూపంలోకి మార్చే భాష) జోలికి ఎప్పుడూ వెళ్లనివాళ్లకి ఈ రివ్యూతో పనిలేదు. రోజూ దాంతో కుస్తీ పట్టేవాళ్ల కోసం రాస్తున్నా. మాది జర్నల్ ఆర్టికల్స్‌ని జాట్స్ ఎక్స్‌ఎంఎల్ (జర్నల్ ఆర్టికల్స్ కోసం వాడే ట్యాగుల పద్ధతి) నుంచి హెచ్‌టీఎంఎల్‌కి మార్చే పని. 4.0 ఇంకా డ్రాఫ్టే, మైకేల్ కే, ఇంకొందరు కలిసి తయారుచేస్తున్నారు. అందులో కొన్ని ప్రతిపాదనలు ఎక్స్‌ఎస్‌ఎల్‌టీని నడిపే సాఫ్ట్‌వేర్ సాక్సన్ 12లో ప్రయోగంగా పెట్టారు. ఉచితంగా దొరికే హెచ్‌ఈ ఎడిషన్‌తో కుదరదు, డబ్బు పెట్టి కొనే పీఈ గానీ ఈఈ గానీ కావాలి, అందుకని 30 రోజుల ట్రయల్ లైసెన్స్ తీసుకుని మా పాత స్టైల్‌షీట్ (ఎక్స్‌ఎస్‌ఎల్‌టీలో రాసిన ప్రోగ్రామ్) ఒకటి తిరగరాశా.

1999లో 1.0 వచ్చినప్పటి నుంచీ అందరూ తిట్టుకునేది ఒకటే, ఇఫ్‌కి (అయితే) ఎల్స్ (కాకపోతే) లేదు. ఎడిటర్ ఒక్కరైతే ఒక మాట, ఇద్దరు ముగ్గురుంటే ఇంకో మాట వేయాలన్నా చూజ్ అనే ట్యాగు తెరిచి, వెన్ తెరిచి, మూసి, అదర్‌వైజ్ తెరిచి, మూసి, మళ్లీ చూజ్ మూయాలి. ఒక్క పదం కోసం ఇంత తతంగమా అనిపిస్తుంది. 4.0లో ఇఫ్‌కే దెన్, ఎల్స్ అట్రిబ్యూట్లు ఇచ్చారు, ఒక్క లైన్లో అయిపోతుంది. కాకపోతే నిజం ఒప్పుకోవాలి, ఎక్స్‌పాత్ (ఎక్స్‌ఎంఎల్‌లోంచి కావాల్సినవి ఏరుకోవడానికి ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ లోపల వాడే చిన్న భాష) లోపల ఇఫ్, దెన్, ఎల్స్ 2007లో 2.0తోనే వచ్చేశాయి, సెలెక్ట్ అట్రిబ్యూట్‌లో అలా రాసుకునేవాళ్లకి ఇందులో కొత్తగా ఒరిగేది తక్కువ.

నాకు బాగా నచ్చింది స్విచ్. ఆర్టికల్ టైపుని బట్టి హెడ్డింగ్ మార్చే టెంప్లేట్ (ఒక్కో ట్యాగుని ఎలా మార్చాలో చెప్పే రూల్) మా దగ్గర ఒకటుంది, పద్నాలుగు వెన్‌లు, ప్రతిదాంట్లో అదే అట్రిబ్యూట్ పేరు, అదే ఈక్వల్స్ గుర్తు. స్విచ్‌లో ఆ పేరు పైన ఒక్కసారి రాస్తే చాలు, వెన్‌లకి విలువలు మాత్రమే ఇస్తే సరిపోతుంది. పైగా వెన్‌కి ఇప్పుడు సెలెక్ట్ కూడా పెట్టొచ్చు కాబట్టి లోపల విలువని రాయించే వేల్యూ ఆఫ్ ట్యాగు అక్కర్లేదు. అరవై లైన్లది పద్దెనిమిదికి దిగింది. మా టీమ్‌లో కొత్తగా చేరిన అబ్బాయికి చూపిస్తే "అన్నా, ఇదైతే నాకూ అర్థమవుతోంది" అన్నాడు!

ఇంకోటి డ్రాఫ్ట్‌లో చదివా, మోడ్ (ఒకే ట్యాగుని ఒక్కో పనికి ఒక్కోలా మార్చేందుకు టెంప్లేట్లని విడదీసే పేరు) ఎలిమెంట్ లోపలే టెంప్లేట్లు పెట్టేసుకోవచ్చు, ఒక్కోదానికి విడిగా మోడ్ అట్రిబ్యూట్ రాయక్కర్లేదు. దీని విలువ దెబ్బ తిన్నవాళ్లకే తెలుస్తుంది. రెండేళ్ల కిందట విషయసూచిక కోసం రాసిన టెంప్లేట్లలో ఫుట్‌నోట్‌ని వదిలేయమనే ఒక్కదానికి మోడ్ పెట్టడం మర్చిపోయా. ఎర్రర్ ఏమీ రాలేదు, రాదు కూడా, ఆ మోడ్‌లో టెంప్లేట్ దొరక్కపోతే డీఫాల్ట్ రూల్ వచ్చి టెక్స్ట్ అంతా కుమ్మరించి పోతుంది. హెడ్డింగ్ చివర "రచయిత ఈమధ్యే కాలం చేశారు" అనే ఫుట్‌నోట్ అంటుకుని విషయసూచికలోకి ఎక్కింది. క్లయింట్ చూసి ఫోన్ చేసేదాకా మాకు తెలియలేదు, ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తే.

ఎక్స్‌పాత్ వైపు అదర్‌వైజ్ అనే ఆపరేటర్ చక్కగా ఉంది. ఎడమవైపుది ఖాళీ అయితే కుడివైపుది తీసుకుంటుంది, ఇన్నాళ్లూ బ్రాకెట్లో రెండూ పెట్టి మొదటిదాన్ని ఏరుకునేవాళ్లం.

నచ్చనిది బాణాల వ్యవహారం, అంటే ఒక విలువని తర్వాతి మెట్టుకి అందించే గుర్తులు. ఎక్స్‌పాత్ 3.1లో => ఉంది, సరే. దాని పక్కన ఇప్పుడు =!> ఒకటి, -> ఇంకొకటి. రాసేవాడికి ముచ్చటగానే ఉంటుంది, ఆర్నెల్ల తర్వాత తెరిచి చూసేవాడికి ముగ్గు వేసినట్టు కనపడుతుంది. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీకి మాటలు ఎక్కువని తిట్టినవాణ్ణే నేను, కానీ మాటలు తీసేసి గుర్తులు పెట్టమని అడగలేదు.

డ్రాఫ్ట్ రాసేవాళ్లు వింటారంటే నాదీ ఒక కోరిక. ఒక్కోదాన్నీ వరసగా తీసుకునే ఫర్ ఈచ్‌కే సార్ట్ అనే అట్రిబ్యూట్ ఇవ్వండి. రెఫరెన్సులు సంవత్సరం ప్రకారం పేర్చడానికి ప్రతిసారీ లోపల ఇంకో ఎలిమెంట్ రాయించకండి. నూటికి తొంభైసార్లు పేర్చడానికి ఒక్క కీతోనే పని.

ఇంతకీ డబ్బు పెట్టి లైసెన్స్ కొనాలా అంటే, పైప్‌లైన్ మొత్తం సాక్సన్ మీదే ఉంటే కొనండి, ఐదుకి నాలుగు ఇస్తా. ఒక్క మాట, డ్రాఫ్ట్ కాబట్టి సింటాక్స్ రేపు మారినా మారొచ్చు, క్లయింట్‌కి పంపే కోడ్‌లో మాత్రం పెట్టకండి. మా దగ్గర సగం స్క్రిప్టులు పైథాన్‌లో ఎల్‌ఎక్స్‌ఎంఎల్ అనే లైబ్రరీ మీద నడుస్తాయి, దాని కింద అసలు పని చేసే లిబ్‌ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 1.0 దగ్గరే ఆగిపోయింది. బ్రౌజర్ల సంగతీ అంతే, పైగా 2025లో క్రోమ్ వాళ్లు ఎక్స్‌ఎస్‌ఎల్‌టీనే తీసేస్తామన్నారు. అందుకని నేను పొద్దున స్విచ్ రాసుకుని మురిసిపోయి, మధ్యాహ్నం మళ్లీ చూజ్ తెరిచి, వెన్ తెరిచి, మూస్తున్నా. ట్రయల్ ఇంకా ఇరవై మూడు రోజులుంది.