మొదటిసారి పెద్ద నగరం చూడబోతున్నారా? సిటీ పాస్ కొనే ముందు జాగ్రత్త

"అన్నీ ఒకే పాస్‌లో, మూడు రోజులు, క్యూలో నిలబడక్కర్లేదు" అన్న ప్రకటన చూసి మూడు సిటీ పాస్‌లు (నగరంలో చూడాల్సిన చాలా చోట్లకు కలిపి ఒకే టికెట్) కొన్నాను. నాకూ, మా ఆవిడకూ, అమ్మకూ. అంత పెద్ద నగరం చూడటం ముగ్గురికీ అదే మొదటిసారి. ఎక్కడ టికెట్ కొనాలో, ఏ లైన్లో నిలబడాలో తెలియని చోట అన్నీ ముందే కొనేస్తే టెన్షన్ ఉండదనుకున్నాను. తిరిగొచ్చాక లెక్క వేస్తే, మేం చూసిన నాలుగు చోట్లకూ విడివిడిగా టికెట్లు కొన్నా పాస్‌లకు పెట్టిన దాంట్లో సగం కూడా అయ్యేది కాదు. మోసం అని గట్టిగా అనలేను. ప్రతి మెలికా నిబంధనల్లో ఏదో ఒక మూల రాసే ఉంది మరి.

మొదటి దెబ్బ రోజుల లెక్కలో తగిలింది. మూడు రోజులంటే 72 గంటలు అనుకున్నాను. కొన్ని పాస్‌లు అలాగే, మొదటిసారి స్కాన్ చేసిన నిమిషం నుంచి గంటలు లెక్కపెడతాయి. మేం కొన్నది తేదీల లెక్క. శనివారం మధ్యాహ్నం దిగాం. ఊరికే గదిలో కూర్చోవడం ఎందుకని సాయంత్రం ఐదింటికి పడవ షికారుకు వెళ్లి పాస్ స్కాన్ చేయించాం. ఆ ఒక్క షికారుతో ఒక రోజు ఖర్చయిపోయింది.

ఆదివారం పొద్దున్నే పెద్ద మ్యూజియానికి వెళ్తే గేటు దగ్గర ఉన్నాయన పాస్ చూసి "స్లాట్ ఏది?" అన్నాడు. పాస్ ఉంటే విడిగా డబ్బు కట్టక్కర్లేదు, అంతవరకే. ఏ టైముకు లోపలికి వెళ్తామో మ్యూజియం సొంత వెబ్‌సైట్‌లో ముందే బుక్ చేసుకోవాలట. రద్దీ ఉండే చోట్ల టైముకు ఇంతమందినే పంపడం ఇప్పుడు మామూలే, ఆ సంగతి నాకే తెలియదు. ఫోన్‌లో చూస్తే ఆ రోజుకి ఒక్క స్లాట్ ఖాళీ లేదు. మర్నాడు వద్దామంటే సోమవారం, సెలవు. చాలా మ్యూజియాలకు సోమవారమే సెలవు గానీ అన్నిటికీ కాదు. ప్యారిస్‌లో లూవ్ర్ మంగళవారం మూసేస్తారు, ఆగ్రాలో తాజ్ మహల్ శుక్రవారం. ఇది చూసుకోకుండా తేదీలు ఖాయం చేసుకోవడం మాత్రం పూర్తిగా నా తప్పే. మేం బయల్దేరిందే ఆ మ్యూజియం కోసం. అమ్మ గేటు బయట నిలబడి ఫొటో దిగింది.

ఇక "క్యూ లేకుండా" అన్న మాట సంగతి. సోమవారం ఎత్తయిన టవర్ ఎక్కడానికి వెళ్లాం. పాస్ ఉంటే తప్పించుకోగలిగేది టికెట్ కౌంటర్ క్యూ ఒక్కటే. సెక్యూరిటీ చెకింగ్ క్యూ అందరికీ ఒకటే, లిఫ్ట్ దగ్గర ఇంకోటి. అక్కడ కౌంటర్ దగ్గర పట్టుమని పదిమంది లేరు, సెక్యూరిటీ లైన్ మాత్రం మలుపు తిరిగి రోడ్డు దాకా ఉంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మ గంటన్నర నిలబడింది. టికెట్ కౌంటర్ దగ్గర బోర్డు మీద ఇంకో ముక్క కనిపించింది: వయసు పైబడినవాళ్లకు టికెట్ సగం ధరకే. అమ్మ పాస్‌కు నేను పూర్తి ధర కట్టాను. పిల్లలతో వెళ్లేవాళ్లు ఇది తప్పకుండా చూడండి. లూవ్ర్‌లో 18 ఏళ్లలోపువాళ్లకూ, తాజ్ మహల్‌లో 15 ఏళ్లలోపువాళ్లకూ ప్రవేశం ఉచితమే. అన్నట్టు, మేం "పాస్‌తో" చూసిన నాలుగింటిలో ఒకటి ఎవరైనా ఉచితంగా వెళ్లగలిగే పార్కు!

గది విషయంలోనూ కొంచెం ఇలాగే అయింది. "నగరం నడిబొడ్డుకు రెండు కిలోమీటర్లు" అన్నది మ్యాప్ మీద స్కేలు పెట్టి కొలిచిన దూరం. మధ్యలో నది ఉంది, వంతెన ఎక్కడో అవతల ఉంది. పాస్‌లో మెట్రో, బస్సు లేవు కాబట్టి ఆ ఛార్జీలు అదనం.

కొనాలనుకునేవాళ్లు ముందు ఒక కాగితం మీద నిజంగా చూడగలిగినవే రాసుకోండి. రోజుకు రెండు పెద్ద ప్రదేశాలు, మహా అయితే మూడు. ఒక్కోదాని అసలు వెబ్‌సైట్‌లో సెలవు ఎప్పుడో, స్లాట్ కావాలో, టికెట్ ఎంతో చూసి కూడండి. ఆ మొత్తం పాస్ ధర కంటే బాగా ఎక్కువైతేనే పాస్ వైపు చూడండి. సెర్చ్‌లో అన్నిటికంటే పైన వచ్చేది చాలాసార్లు ప్రకటనే. నేను అసలుదనుకుని కొన్నది మధ్యవర్తి సైట్‌లో. పాస్ కొన్న రోజే స్లాట్లు కూడా దొరుకుతాయో లేదో చూడండి, అవి లేకపోతే పాస్ ఉండీ ఉపయోగం లేదు.

కస్టమర్ కేర్‌కు మూడుసార్లు రాశాను. ఒకసారి స్కాన్ అయితే రీఫండ్ లేదని మూడుసార్లూ ఒకే జవాబు, అక్షరం మారలేదు. డబ్బు వెనక్కి ఇప్పించమని కార్డు ఇచ్చిన బ్యాంకులో డిస్ప్యూట్ (ఫిర్యాదు) వేస్తే, కొన్న రోజున ఆ పేజీలో ఏం రాసుందో స్క్రీన్‌షాట్ పంపమన్నారు. నేను తీసి పెట్టుకోలేదు. తీద్దామని ఇప్పుడు ఆ పేజీ తెరిస్తే, "స్లాట్ విడిగా బుక్ చేసుకోవాలి" అన్న మాట పైనే పెద్ద అక్షరాల్లో ఉంది.