డబుల్ కొట్టే ముందు ఒకసారి నొక్కి చూడండి
ఆర్నెల్లుగా ఈ యాప్‌లో రోబోలతో బ్రిడ్జ్ పేకాట ఆడుతున్నా. వేలంలో ఏ కాల్ (పాట, పాస్, డబుల్) మీద నొక్కినా దాని అర్థం చూపిస్తుంది, అది బాగుంది. నేను చూస్తేగా! పార్ట్‌నర్ రోబో వేలం ఒక ఇస్పేటుతో మొదలుపెట్టింది, కుడిపక్కోడు రెండు ఆటీన్లు అన్నాడు, నా చేతిలో ఆటీన్ రాజు, జాకీ, పది, తొమ్మిది, ఏడు, ఇంకేం, వీడి పని అయిపోయిందని, ఓడితే పెనాల్టీ పెరిగేలా డబుల్ కొట్టా. రోబో దాన్ని నెగెటివ్ డబుల్ అనుకుని, అంటే నా దగ్గర కళావర్లు, డైమన్లు ఉన్నాయనుకుని, మూడు కళావర్లకు పోయింది. మునిగాం. అక్కడ నోరు మూసుకుని పాస్ అనాలట, ఆటీన్లు తక్కువున్న పార్ట్‌నర్ తన వంతు మళ్లీ వచ్చినప్పుడు టేకౌట్‌గా, అంటే ‘వేరే రంగు చెప్పు’ అని డబుల్ అంటే, దాన్ని పాస్ చేసి పెనాల్టీగా మార్చుకోవాలట. ఈ ‘ఎందుకు’ మాత్రం యాప్ చెప్పదు, ఒక స్టార్ కట్.