పోలోకు వీల్ స్పేసర్లు: డబ్బా మీద 57.1 అని ఉంటే సరిపోదు

వీల్ స్పేసర్ అంటే చక్రానికీ, దాన్ని బిగించే హబ్‌కూ మధ్య పెట్టి చక్రాన్ని బయటికి జరిపే బిళ్ల. 5 మిల్లీమీటర్ల మందం ఉన్న అలాంటి అల్యూమినియం బిళ్ల మీద నాకున్న కోపం కారు సామాను ఇంకేదాని మీదా లేదు. 15 మిల్లీమీటర్ల బిళ్ల మీద మాత్రం పెద్దగా ఫిర్యాదు లేదు. రెండూ ఒకే కారుకు, ఒకే రోజు బిగించినవే. కారు ఫోక్స్‌వ్యాగన్ పోలో, కంపెనీ 15 అంగుళాల అల్లాయ్‌లు, 185/60 టైర్లు (185 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు). ముందు 5, వెనక 15. మూడేళ్లయింది, 40 వేల కిలోమీటర్లకు కాస్త తక్కువ తిరిగింది. ఇప్పుడు వెనకవి కారుకే ఉన్నాయి, ముందువి అటక మీద ఉన్నాయి.

పీసీడీ (బోల్టు రంధ్రాలు ఉండే వలయం వ్యాసం), ఆఫ్‌సెట్ (చక్రం మధ్యగీత నుంచి హబ్‌కు ఆనే ముఖం ఎంత దూరమో) లాంటివి తెలిసినవాళ్లకే ఇది. అసలు గొడవంతా చక్రం మధ్య రంధ్రం దగ్గరే.

ముందు 5 మిల్లీమీటర్లవి వేసిన తర్వాత హైదరాబాద్ ఔటర్ మీద 95 దాటగానే స్టీరింగు వణకడం మొదలైంది. 80 లోపు ఏమీ లేదు. 115 దగ్గర మళ్లీ తగ్గుతుంది. బ్రేకు తొక్కితే పెరగదు, కాబట్టి డిస్కు వంకర కాదు. బ్యాలెన్సింగ్ రెండుసార్లు చేయించినా అంతే. మిషను మీద సున్నా, రోడ్డు మీద వణుకు. అలైన్‌మెంట్ సరిగ్గానే ఉంది. ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకి మార్చినా వణుకు ముందే ఉండిపోయింది. అంటే తప్పు చక్రంలో లేదు, చక్రం కూర్చునే చోట ఉంది.

పోలో హబ్ మధ్యలో గుండ్రంగా పైకి లేచిన అంచు ఉంటుంది, మెకానిక్కులు లిప్ అంటారు. వ్యాసం 57.1 మిల్లీమీటర్లు. అల్లాయ్ మధ్య రంధ్రమూ అదే కొలత. చక్రాన్ని ఇరుసు మధ్యకు సరిగ్గా కూర్చోబెట్టేది ఈ లిప్పే. బోల్టుల పని దాన్ని హబ్‌కు అదిమి పట్టుకోవడం. ఆ లిప్ ఎత్తు 10 మిల్లీమీటర్ల లోపే. దాని మీదికి 5 మిల్లీమీటర్ల బిళ్ల తొడిగితే చక్రానికి మిగిలేది సగం. పైగా అల్లాయ్ రంధ్రం లోపలి వైపు ఏటవాలుగా కోసి ఉంటుంది, చక్రం సులువుగా ఎక్కడానికి. ఆ ఏటవాలు లోతులోనే మిగిలిన లిప్ దాదాపు అయిపోతుంది. చక్రానికి ఆనుకోవడానికి ఏమీ దొరకదు.

అది చాలదన్నట్టు, డబ్బా మీద 57.1 అని అచ్చేసిన స్పేసర్ రంధ్రం వెర్నియర్‌తో కొలిస్తే 57.4 వచ్చింది. 5 మిల్లీమీటర్ల బిళ్లకు తనదంటూ లిప్ ఉండదు కాబట్టి ఆ తేడా చక్రాన్ని నేరుగా జరపదు. కానీ రంధ్రమే అంత వదులుగా కోసినవాళ్లు రెండు ముఖాలూ సమాంతరంగా కోసి ఉంటారని నమ్మకం ఏమిటి? మైక్రోమీటర్‌తో చుట్టూ ఎనిమిది చోట్ల మందం చూశాను. 0.02 దాటి తేడా లేదు. ఆ ఒక్క విషయంలో నా అనుమానం తప్పు.

ఇంత చిన్న జరుగుడికి స్టీరింగు వణుకుతుందా అంటారా, లెక్క కడితే తెలుస్తుంది. టైరుతో కలిపి చక్రం సుమారు 16 కిలోలు. మధ్య నుంచి 0.15 మిల్లీమీటర్లు పక్కకు కూర్చుంటే, రిమ్ము అంచున 12, 13 గ్రాముల బరువు అంటించినట్టే. 100 వేగంలో ఈ సైజు చక్రం సెకనుకు దాదాపు 15 సార్లు తిరుగుతుంది. బ్యాలెన్సింగ్ మిషను దీన్ని ఎన్నటికీ పట్టదు. ఎందుకంటే అక్కడ చక్రాన్ని కోను పెట్టి మధ్య రంధ్రంలోంచే బిగిస్తారు, అది ఎప్పుడూ నడిమధ్యనే కూర్చుంటుంది. కారు మీద కూర్చోదు. "బ్యాలెన్సింగ్ సరిగా చేయలేదు" అని టైరు షాపు వాళ్లతో తగువు పెట్టుకునే ముందు ఇది గుర్తుంచుకోండి. వాళ్ల తప్పేమీ లేదు.

బోల్టు సీటు, అంటే చక్రంలో బోల్టు తల ఆనే గుంట, గుండ్రం కదా, అదే చక్రాన్ని మధ్యకు తెస్తుంది కదా అనే వాదన ఉంది. సగం నిజం. జాకీ మీద చక్రం గాలిలో ఉండగానే ఐదు బోల్టులూ చేత్తో చివరిదాకా తిప్పి, నక్షత్రం వరసలో టార్క్ పానాతో (బిగింపు బలాన్ని కొలిచే పానా) 40 న్యూటన్ మీటర్లకు బిగించి, తర్వాత కిందికి దించి 120కి పూర్తి చేస్తే వణుకు బాగా తగ్గుతుంది. షాపుల్లో మాత్రం చక్రం బరువుకు కిందికి వేలాడుతుండగానే ఒక బోల్టును ఎయిర్ గన్‌తో గట్టిగా కొట్టేస్తారు. ఇక అది ఎక్కడ ఆగితే అక్కడే. ఓపికగా బిగించినప్పుడు తగ్గిన వణుకు తర్వాత చక్రం ఎవరు విప్పినా తిరిగొచ్చేది. స్పేసర్లు తీసేసిన రోజే పోయింది, మళ్లీ రాలేదు.

మరి ముందు కూడా సొంత లిప్ ఉన్న 10 లేదా 12 మిల్లీమీటర్లవి వేస్తే సరిపోదా? వణుకు వరకైతే సరిపోతుంది. నేను వేయకపోవడానికి కారణం స్క్రబ్ రేడియస్. స్టీరింగు ఏ గీత చుట్టూ తిరుగుతుందో ఆ గీతను నేల దాకా పొడిగిస్తే, పోలో లాంటి కార్లలో అది టైరు మధ్యగీతకు కాస్త బయట నేలను తాకుతుంది. ఆ రెండింటి మధ్య దూరమే స్క్రబ్ రేడియస్. అది కావాలని పెట్టిన ఏర్పాటు. ఈ కార్లలో బ్రేకు లైన్లు ఐమూలగా విడిపోయి ఉంటాయి. ఒక లైను పోతే ముందు ఒక్క చక్రమే ఆగుతుంది, కారు అటు లాగుతుంది. ఆ లాగుడికి ఎదురుగా చక్రాన్ని తనంతట తిప్పేది ఈ జ్యామితే. స్పేసర్ ఎంత మందమైతే టైరు అంత బయటికి జరుగుతుంది, ఆ రక్షణ అంత కరిగిపోతుంది. గుంతలో ఒక చక్రం పడ్డప్పుడు స్టీరింగు చేతిలో గుంజుకోవడమూ పెరుగుతుంది. 5తోనే అది కొద్దిగా తెలిసింది.

వెనక చక్రాలకు ఈ బాధ లేదు, అవి స్టీరింగుతో పక్కకు తిరిగేవి కావు కాబట్టి. వెనకవి 15 మిల్లీమీటర్లు, 6061-టీ6 అల్యూమినియం. లోపలి ముఖంలో హబ్ లిప్ కూర్చోవడానికి గుంట, బయటి ముఖంలో చక్రానికి కొత్త లిప్. ఇవి కొలిస్తే లోపల 57.15, బయట 57.05. హబ్ మీదికి చేత్తో నెడితే చివర్లో కాస్త గాలి పట్టినట్టు ఆగి, మెల్లగా దిగుతాయి. సరైన స్పేసర్‌కు నా పరీక్ష ఇదే. గలగలా కదిలినా, సుత్తి దెబ్బ లేకుండా ఎక్కకపోయినా వద్దు. ఎన్నో పీసీడీలకు సరిపోయేలా పది పదిహేను రంధ్రాలు కొట్టి, మధ్యలో 73.1 రంధ్రం పెట్టి "అన్ని కార్లకూ" అని అమ్మేవి చేతిలోకి కూడా తీసుకోవద్దు.

మందం ఎంత అన్నది ఫొటోలు చూసి తేల్చకండి. వెనక మడ్‌గార్డు అంచు నుంచి దారానికి నట్టు కట్టి వేలాడదీయండి. చక్రం మధ్య ఎత్తులో దారానికీ టైరు పక్క గోడకూ ఎంత ఖాళీ ఉందో కొలవండి. వెనక ముగ్గుర్ని కూర్చోబెట్టి, డిక్కీలో సామాను పెట్టి మళ్లీ కొలవండి. తక్కువ వచ్చిన కొలతలోంచి కనీసం 5 తీసేయండి. మిగిలిందే మీ స్పేసర్. 185 టైరుతో నాకు 15 సరిగ్గా కుదిరింది. 195 వేసుకుంటే టైరు రెండు వైపులా తలా 5 పెరుగుతుంది, అదీ లెక్కలోకి తీసుకోవాలి.

బోల్టుల విషయంలో మాత్రం రూపాయి కూడా మిగుల్చుకోవద్దు. పోలోకు నట్లు ఉండవు, హబ్‌లోకి దిగే ఎం14×1.5 బోల్టులు (14 మిల్లీమీటర్ల లావు, మర చుట్టుకు 1.5 మిల్లీమీటర్లు). ఒరిజినల్ బోల్టు సీటు కింద నుంచి మర చివరిదాకా 27 మిల్లీమీటర్లు. 15 స్పేసర్‌కు 42 కావాలి, 43 దొరికినా పర్వాలేదు. పొడవు తల పై నుంచి కొలిచి ఇచ్చే షాపులున్నాయి, సీటు కింద నుంచే కొలిపించుకోండి. తల మీద 10.9 అని బలం గ్రేడు ఉండాలి. కంపెనీ అల్లాయ్‌కు సీటు బంతి ఆకారంలో ఉంటుంది. బయట కొన్న అల్లాయ్‌కు సాధారణంగా 60 డిగ్రీల కోను. బంతి సీట్లో కోను బోల్టు వేస్తే సన్నటి గీత మీదే ఆనుతుంది. టార్క్ పానా 120 చూపిస్తుంది, ఆ గీత నలిగేకొద్దీ బోల్టు వదులవుతుంది.

పొడవు సరిపోయిందా లేదా అన్నదానికి సులువైన దారి ఉంది. స్పేసర్ లేకుండా ఒరిజినల్ బోల్టు చేత్తో తిప్పుతూ సీటు తాకేదాకా ఎన్ని చుట్లో లెక్కపెట్టండి. స్పేసర్‌తో, కొత్త బోల్టుతో మళ్లీ లెక్కపెట్టండి. రెండూ కలవాలి. ఎలా చూసినా 9 చుట్లకు తగ్గితే ఆ బోల్టు వద్దు. ఎక్కువైతేనేం అనుకోకండి, వెనక ఉన్నది డ్రమ్ బ్రేకు. అవసరానికి మించి లోపలికి దిగిన బోల్టు షూలకో స్ప్రింగులకో తగలొచ్చు. బిగించాక జాకీ మీదే చక్రాన్ని చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పి చప్పుడు వినండి.

బిగించేటప్పుడు ఒక చేత్తో చక్రం, ఒక చేత్తో స్పేసర్, ఇంకో చేత్తో బోల్టు పట్టుకోవాలి, మనకు రెండే ఉన్నాయి. ఎం14×1.5 మర ఉన్న గైడ్ పిన్ను ఒకటి పై రంధ్రంలో దించి, దాని మీదుగా స్పేసర్, చక్రం తోయండి. నాలుగు బోల్టులు పడ్డాక పిన్ను తీసి ఐదోది. 80, 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ 120కి చూడండి. మొదటిసారి నా వెనక ఎడమ చక్రంలో రెండు బోల్టులు పావు చుట్టు తీసుకున్నాయి. తర్వాత ఎప్పుడూ కదల్లేదు.

మొదటి ఆరు నెలలకు రాసి ఉంటే "వెనక భాగం నేలకు అతుక్కున్నట్టుంది, మలుపుల్లో నిలకడ పెరిగింది" అని రాసేవాణ్ణి. చూడ్డానికి బాగుందన్నది ఇప్పటికీ నిజమే. మడ్‌గార్డు లోపల ఖాళీగా దిగులుగా కనిపించే చక్రం అంచుకు వచ్చింది. నిలకడ మాటకొస్తే, అదే సమయంలో టైర్లు కూడా కొత్తవి వేశాను. దేని వల్ల ఎంతో విడదీసి చెప్పలేను. వెనక ఇరుసు వెడల్పు 30 మిల్లీమీటర్లు పెరిగితే తేడా రావాలి, కానీ నేను అప్పట్లో అందరితో చెప్పుకున్నంత ఉండి ఉండదు.

ఇబ్బందులు నెమ్మదిగా బయటపడ్డాయి. వానాకాలంలో వెనక బంపరు పక్కలు మునుపటికంటే ఎక్కువ బురదవుతాయి. ఒక వానాకాలం విశాఖ బీచ్ రోడ్డు పక్క ఉప్పుగాలిలో గడిచాక, ఇనుప హబ్‌కు అల్యూమినియం స్పేసర్ కరిచి పట్టుకుంది. చక్రం వచ్చింది, స్పేసర్ రాలేదు. తుప్పు నూనె కొట్టి అరగంట ఆగి, రబ్బరు సుత్తితో చుట్టూ తట్టి తీయాల్సి వచ్చింది. ఇప్పుడు టైర్లు మార్పిడి చేసిన ప్రతిసారీ హబ్‌ను తీగ బ్రష్షుతో రుద్ది, లిప్ చుట్టూ మాత్రమే రాగి గ్రీజు పల్చగా రాస్తున్నాను. బల్లపరుపు ముఖాల మీద, బోల్టు మరల మీద చుక్క కూడా పడకూడదు. గ్రీజు అంటిన మరలో 120 అంటే నిజానికి బోల్టు చాలా ఎక్కువగా లాగబడుతుంది.

స్పేసర్లు వేశాక 36 వేల దగ్గర వెనక కుడి బేరింగ్ సన్నగా ఊళ పెట్టింది, మార్పించాను. చక్రం బయటికి జరిగితే బేరింగ్ మీద మెలి పెరుగుతుందన్నది ఖాయం. కానీ కారు మొత్తం 90 వేలు దాటింది, మన గుంతలు తక్కువేం కాదు. నేరం మొత్తం స్పేసర్ మీద వేయలేను, దాన్ని వదిలిపెట్టనూ లేను.

పంక్చర్ సంగతి ఎవరూ చెప్పరు. స్టెప్నీ ఇనుప రిమ్ము. వెనక పంక్చరైతే స్పేసర్ తీసేసి, ఒరిజినల్ 27 బోల్టులతో బిగించాలి. కాబట్టి ఆ ఐదు బోల్టులు, గైడ్ పిన్ను, చిన్న రబ్బరు సుత్తి స్టెప్నీ గుంటలోనే ఉండాలి. రోడ్డు పక్క పంక్చర్ అబ్బాయి స్పేసర్ తీసేసి పొడవు బోల్టులే తిరిగి బిగించాడంటే కథ డ్రమ్ములోకి పోతుంది. దగ్గరుండి చూసుకోండి.

స్విఫ్ట్, ఐ20 వాళ్లకు రెండు ముక్కలు: రెండింటి హబ్ 54.1, కానీ మర వేరు, స్విఫ్ట్‌కు ఎం12×1.25, ఐ20కి ఎం12×1.5. వాటికి హబ్‌లోనే స్టడ్డులుంటాయి, అంటే బయటికి పొడుచుకొచ్చిన మర కడ్డీలు, వాటి మీద నట్లు బిగిస్తారు. ఉన్న స్టడ్డుల మీద 10 మిల్లీమీటర్లు ఎక్కిస్తే నట్టుకు చాలినంత మర మిగలదు. స్టడ్డులు మార్చాలి, లేకపోతే మానుకోవాలి.

చట్టం మాట కూడా చెప్పాలి. ఆర్సీ వివరాలకు తేడా వచ్చే మార్పులు చేయకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది. స్పేసర్ కొలత ఆర్సీలో ఉండదు నిజమే, బీమా క్లెయిమ్ రోజున సర్వేయర్ కంట పడితే అతనేమంటాడో మన చేతిలో లేదు. సర్వీసింగుకు ఇచ్చే ముందు నేను తీసి ఇవ్వను, అడిగితే దాచను.

నా కారులో ఎక్కువ రోజులు ఇద్దరమే, డిక్కీ ఖాళీ, టార్క్ పానా ఇంట్లోనే ఉంది, చక్రాలు నేనే విప్పుకుంటాను. ఇన్ని ఉన్నాయి కాబట్టి వెనక 15 ఉంచుకున్నాను. వారానికి రెండుసార్లు ఐదుగురితో ఊరెళ్లే కారైతే, ప్రతి పనికీ షాపు ఎయిర్ గన్ మీద ఆధారపడేవాళ్లయితే, ఇవే వెనకవి కూడా వేయమని చెప్పను. ముందు 5 మాత్రం ఎవరికీ చెప్పను. అటక మీద ఉన్నవి అడిగినా ఇవ్వడం లేదు.