అవ్వ కాసులపేరు: మార్చేయడం మేలా, ఉంచుకోవడం మేలా?

తిరుపతిలో పాత నగ పట్టుకుని బంగారు అంగడికి పోతే ముందు వినపడేది "మార్చేసుకోండమ్మా, కొత్త మోడళ్లు వచ్చినాయి" అనే మాటే. పెళ్లి పెట్టుకున్న ఇంటికి అది సబబుగానే తోస్తుంది. కానీ తూకం దగ్గర కాసేపు నిలబడి చూడండి. కెంపుల అడ్డిగ అయితే రాళ్ల బరువు తీసేస్తారు, రాళ్ల కింద నింపిన లక్క తీసేస్తారు. అతుకుల్లో టంకం ఉంటుంది కాబట్టి కరిగిస్తే 22 క్యారెట్ల 91.6 శాతం రావడం కష్టం, అక్కడా కోత. కొత్త నగకు మళ్లీ తరుగు, మజూరి, 3 శాతం జీఎస్టీ. చేతి డబ్బు వేయకపోతే ఇంటికొచ్చేది ఇచ్చినదానికన్నా తేలికే.

"హాల్‌మార్కు లేదు, ఇది చెల్లదు" అని భయపెడితే నమ్మకండి. 2023 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన హెచ్‌యూఐడీ (ఒక్కో నగ మీద వేసే, అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు గుర్తుల సంఖ్య) నిబంధన అంగడివాళ్లు అమ్మే నగలకు, మన ఇంటి పాత బంగారానికి కాదు.

అలాగని అన్నీ దాచమనను. తెగిన గొలుసు, సొట్టపడిన సాదా గాజులు, జత పోయిన కమ్మ మార్చేయడమే మేలు. వాటికోసం లాకరు అద్దె దండగ. కాసులపేరు సంగతి వేరు. ఒకదానికొకటి రాసుకుని అంచులు పలచబడి ఉంటాయి, కాసు మీద లక్ష్మీదేవి ముఖం నున్నగా అరిగి ఉంటుంది. ఆ అరుగుదల అవ్వ మెడలో పడింది. అంగట్లో 'యాంటిక్' అని అమ్మేదేమో మొన్న చేసి నల్లరంగు పట్టించింది!

ముగ్గురు కూతుళ్లుంటే? కాసులు విడదీసి తలా కొన్ని తీసుకోవచ్చు, ఎవరి గొలుసులో వాళ్లు గుచ్చుకోవచ్చు. కంటెను, వంకీని అట్లా కోయలేం. ఒకరు నగ ఉంచుకుని, మిగతా ఇద్దరికీ ఆనాటి రేటుకు డబ్బివ్వడమే దారి. రాళ్లకూ లెక్క కట్టమని పేచీ వస్తుంది, రానీండి.

డబ్బు అవసరం పడితే అమ్మడంకన్నా బ్యాంకులో కుదువ మేలు, వడ్డీ కట్టుకోగలిగితేనే. లేకుంటే వేలానికి పోతుంది. ఇక కొండమీద నిలువుదోపిడి ఇస్తామని మొక్కుకున్న నగకు ఈ లెక్కలేవీ పట్టవు, అది హుండీదే.

ఉంచుకునేవాళ్లు కొక్కెం మార్పించి, కొత్త పట్టుదారం వేయించండి. మెరుగు మాత్రం ఊరికే పెట్టించకండి, పెట్టించిన ప్రతిసారీ కాస్త బంగారం పోతుంది.