చెన్నై వానలకు తేలిక కార్లకు ఏ టైర్లు మేలు?

అక్టోబర్ వచ్చిందంటే అందరూ నన్ను అడిగేది ఇదే. స్విఫ్టో, పోలో జీటీనో, బలేనో ఆర్ఎస్సో ఇష్టపడి కొనుక్కున్నవాళ్లు, రోజూ ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద ఆఫీసుకు వెళ్తూ పండక్కి నెల్లూరో తిరుపతో పోయేవాళ్లు, "ఈ వానలకు ఏ టైర్లు వేయించమంటారు?" అని అడుగుతారు. ఈమధ్య దానికి ఇంకోటి తోడైంది. విదేశాల్లో మాజ్డా ఎమ్ఎక్స్-5 లాంటి చిన్న స్పోర్ట్స్ కార్లకు చలికాలంలో వింటర్ టైర్లు వేయిస్తారు కదా, అవి తడి రోడ్డు మీద కూడా బాగా పట్టుకుంటాయట, మనమూ తెప్పించుకుంటే ఎలా ఉంటుందని.

వింటర్ టైర్ల సంగతి ముందే తేల్చేద్దాం. ఉష్ణోగ్రత 7 డిగ్రీల కిందికి పడిపోయినా గట్టిపడకుండా ఉండేలా వాటి రబ్బరు కలుపుతారు. చెన్నైలో డిసెంబర్ రాత్రి కూడా 20 డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఆ వేడికి మెత్తటి ట్రెడ్, అంటే రోడ్డుకు ఆనే గాడుల పొర, అటూ ఇటూ కదిలిపోతుంది, బ్రేక్ వేస్తే కారు ఆగే దూరం పెరుగుతుంది, టైరు చూస్తూండగానే అరిగిపోతుంది. సైడ్‌వాల్ (టైరు పక్క భాగం) మీద మూడు శిఖరాల కొండ, అందులో మంచు రవ్వ గుర్తు కనిపిస్తే అది మనకు కాదు. ఆల్ సీజన్ టైర్లలోనూ మంచు కోసం కొంత రాజీపడతారు. మంచే పడని ఊళ్లో ఆ రాజీ ఎందుకు?

మన చలికాలం అంటే వానలే. చెన్నైకి ఏడాదిలో పడే వానలో దాదాపు 60 శాతం అక్టోబర్ నుంచి డిసెంబర్ లోపే పడుతుంది. కాబట్టి మనం చూసుకోవాల్సింది తడి రోడ్డు, అంతకన్నా ముఖ్యంగా నిలిచిన నీళ్లు.

మన ముందు నిజంగా ఉన్నవి మూడు దారులు. మొదటిది, కంపెనీ ఇచ్చిన సైజులోనే తడి గ్రిప్ బాగుండే టూరింగ్ టైర్లు, అంటే రోజువారీ, దూర ప్రయాణాలకు చేసినవి: మిషెలిన్ ఎనర్జీ ఎక్స్ఎమ్2 ప్లస్, బ్రిడ్జ్‌స్టోన్ టురాంజా, యోకోహామా బ్లూఎర్త్ లాంటివి. రెండోది, పెద్ద అల్లాయ్ చక్రాలు వేసి మిషెలిన్ పైలట్ స్పోర్ట్, వ్రెడెస్టైన్ అల్ట్రాక్ లాంటి వెడల్పాటి స్పోర్ట్స్ టైర్లకు వెళ్లడం. మూడోది, అపోలో అమేజర్ 4జీ లైఫ్ లాంటి ఎక్కువ కిలోమీటర్లు నడిచే రకం. ఈ మూడోదాని గురించి ఎక్కువ చెప్పను. కారుని పనికోసం నడిపేవాళ్లకు అది లాభమే. నడపడం ఇష్టమై కారు కొనుక్కున్నవాళ్లు మన్నిక కోసం తడి గ్రిప్‌ను వదులుకోకూడదు.

అసలు పోటీ మొదటిదానికీ రెండోదానికీ మధ్యే. చాలామంది బ్రాండ్ దగ్గర ఆగిపోతారు. నా లెక్కలో తేల్చేది బ్రాండ్ కాదు, వెడల్పు.

స్విఫ్ట్ బరువు 900 కిలోలకు అటూ ఇటూ. డ్రైవర్ ఎక్కాక ముందు చక్రం ఒక్కోదాని మీద సుమారు 290 కిలోలు పడుతుంది. టైర్‌లో 33 పీఎస్ఐ గాలి ఉంటే రోడ్డుకు ఆనే రబ్బరు ఇంచుమించు అరచేయంత. వెడల్పు టైరు వేస్తే ఆ మేర పెద్దగా పెరగదు, దాని ఆకారం మారుతుంది. పొడవు తగ్గి అడ్డంగా సాగుతుంది. అంటే తక్కువ సమయంలో ఎక్కువ నీళ్లను పక్కకు నెట్టాలి. నెట్టలేకపోతే టైరు నీళ్ల మీదికి ఎక్కుతుంది. చెన్నై బైపాస్ మీద ఎడమ లేన్‌లో నీళ్లు నిలిచిన చోట చేతుల్లో స్టీరింగ్ ఒక్కసారిగా బరువు కోల్పోయి, ఇంజన్ ఆర్పీఎమ్ ఉన్నట్టుండి పైకి లేస్తే జరిగింది అదే.

దీనికి ఒక పాత లెక్క ఉంది. నాసా వాళ్లు 1960ల్లో విమానాల టైర్ల మీద పరీక్షలు చేసి కట్టింది. గాడుల్లో పట్టనంత నీళ్లు నిలిచినప్పుడు టైరు ఏ వేగానికి తేలుతుందో లోపలి గాలిని బట్టి చెబుతుంది. 33 పీఎస్ఐకి అది గంటకు 96 కిలోమీటర్ల దగ్గర, 25 పీఎస్ఐకి 83 దగ్గర. తర్వాత లారీల విషయంలో ఇంకో సంగతి బయటపడింది: సరుకు లేని లారీ అంతకన్నా తక్కువ వేగానికే తేలుతుంది. బరువు తగ్గాక దాని టైరు రోడ్డుకు ఆనే చోటు పొట్టిగా, వెడల్పుగా మారడమే కారణం. తేలిక కారుకు వెడల్పు టైరు వేసినప్పుడు మనం చేస్తున్నదీ అదే. పైగా పెద్ద అల్లాయ్‌లతో కుదుపులు ఎక్కువయ్యాయని చాలామంది గాలి తగ్గిస్తారు. అప్పుడు రెండు వైపులా నష్టమే.

స్పోర్ట్స్ టైర్లకు అన్యాయం చేయను. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేస్ సర్క్యూట్‌లో సొంత కారు నడిపే ట్రాక్ డేకి వెళ్లేవాళ్లకు వాటిని మించినవి లేవు. జల్లు పడి తడిసిన రోడ్డు మీద వాటిలో మంచివి టూరింగ్ టైర్ల కన్నా ముందే ఆగవచ్చు కూడా. కానీ అవి త్వరగా అరుగుతాయి, అరిగిన కొద్దీ నిలిచిన నీళ్లలో తేడా తెలుస్తుంది. పైగా మంచివి చాలావరకు 16, 17 అంగుళాల నుంచే దొరుకుతాయి.

అందుకే నా స్విఫ్ట్‌కు ఈమధ్యే కంపెనీ ఇచ్చిన 185/65 ఆర్15 సైజులోనే మిషెలిన్ ఎనర్జీ వేయించాను. అల్లాయ్‌లు మార్చలేదు.

షాపులో టైరు చూసేటప్పుడు గాడుల లోతొక్కటే చూడకండి. ట్రెడ్ దిమ్మల మీద కత్తితో కోసినట్టు సన్నటి చీలికలుంటాయి. వాటిలోకి గోరు పెట్టి చూడండి. కొన్నిట్లో అది లోపలిదాకా దిగుతుంది, కొన్నిట్లో సగంలోనే తగులుతుంది. అలా సగంలో ఆగిన చీలికలు టైరు సగం అరిగేసరికి మాయమవుతాయి. గాడులు మిగిలే ఉంటాయి గానీ తడి గ్రిప్ తగ్గిపోతుంది. తయారీ తేదీ కూడా చూడండి. సైడ్‌వాల్ మీద 3224 అని ఉంటే 2024లో 32వ వారం అని. స్టార్ లేబుల్ చూసి మోసపోవద్దు, అది ఇంధనం ఆదా గురించి. దిగుమతి టైర్ల మీద యూరప్ స్టిక్కర్ ఉంటే అందులో వాన మబ్బు బొమ్మ పక్కన ఏ నుంచి ఈ దాకా ఉన్న అక్షరమే తడి గ్రిప్.

గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గేదాకా చట్టం ఒప్పుకుంటుంది. నేనైతే అక్టోబర్‌కు ముందు 3 మిల్లీమీటర్లకు తగ్గినవాటిని మార్చేస్తాను. బడ్జెట్ రెండు టైర్లకే సరిపోతే ఆ కొత్త రెండూ వెనకే వేయించండి, మీది ఫ్రంట్ వీల్ డ్రైవ్ అయినా సరే. ముందు చక్రాలు జారితే స్టీరింగ్‌లో తెలుస్తుంది, వేగం తగ్గిస్తే చాలావరకు మళ్లీ పట్టు దొరుకుతుంది. మలుపులో వెనకవి జారితే కారు తిరిగిపోతుంది, సర్దుకునే సమయం ఉండదు. అరిగినవి వెనక్కి మార్చి కొత్తవి ముందు వేస్తామని షాపువాళ్లు అంటే ఒప్పుకోవద్దు.