నెల్లూరు నుంచి హైదరాబాద్‌కి విమానం: చెన్నైలో ఎక్కాలా, రేణిగుంటలోనా?

చెన్నై నుంచి శంషాబాద్‌కి నేరుగా గీత గీస్తే 510 కిలోమీటర్ల లోపే, టికెట్ మీద గంటా పావు అని ఉంటుంది. ఆ గంటా పావు చూసే ఈ ఏడాది మొదట్లో అమ్మను కూకట్‌పల్లిలో అక్క వాళ్ళింటికి చెన్నై మీదుగా తీసుకెళ్ళాను. మ్యాపులో ఆ గీత రాపూరుకీ పొదలకూరుకీ మధ్యగా, అంటే మన జిల్లా మీదుగానే పోతుంది. దానికోసం మనం 190 కిలోమీటర్లు వెనక్కి, దక్షిణానికి పోవాలన్నమాట.

పొద్దున ఆరింటి ఫ్లైట్ చవగ్గా దొరికింది. కౌంటర్ గంట ముందే మూసేస్తారు కాబట్టి ముందురోజే బయల్దేరాలి. మధ్యాహ్నం మూడింటికి వేదాయపాళెంలో ఇల్లు వదిలి, రైల్లో చెన్నై సెంట్రల్, అక్కడినుంచి మెట్రో. మెట్రో మాత్రం చాలా బాగుంది, లిఫ్టులున్నాయి, నేరుగా ఎయిర్‌పోర్టులోనే దింపుతుంది. రాత్రికి తిరుసూలం వైపు ఒక లాడ్జి తీసుకున్నాం. ఫోన్లో అడిగితే లిఫ్ట్ ఉందన్నారు, వెళ్ళేసరికి అది పనిచేయడం లేదు, మోకాళ్ళ నొప్పులున్న మనిషి మూడో అంతస్తు ఎక్కింది. నాకు చాలా బాధేసింది. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు కింది గదే కావాలని ముందే గట్టిగా చెప్పండి. టికెట్లో మిగిలింది గది అద్దెకే పోయింది. మర్నాడు తొమ్మిదిన్నరకు అక్క ఇల్లు చేరాం, లెక్కేస్తే పద్దెనిమిదిన్నర గంటలు. "గంట ప్రయాణం అన్నావు కదరా నాయనా" అంది అమ్మ.

రెండోసారి రేణిగుంట. నాయుడుపేట, శ్రీకాళహస్తి మీదుగా కారులో దాదాపు 120 కిలోమీటర్లు, రోడ్డు బాగుంది, రెండుంపావు గంటలు పట్టింది. గాల్లో దూరం కూడా తక్కువే, 420 దాకా. చిన్న ఎయిర్‌పోర్టు కావడంతో అమ్మ పెద్దగా నడవాల్సిన పని లేదు, తనిఖీ తొందరగా అయిపోయింది. తొమ్మిదిన్నరకు బయల్దేరితే సాయంత్రం నాలుగుంబావుకు అక్క ఇంట్లో కాఫీ తాగుతున్నాం. శంషాబాద్ నుంచి కూకట్‌పల్లికే గంటన్నర పట్టింది, గాల్లో ఉన్న టైమ్ కంటే ఎక్కువ. టికెట్ వెయ్యి, పదిహేను వందలు ఎక్కువైనా నేను రేణిగుంటే అంటాను. చెన్నై విదేశాలకు వెళ్ళేవాళ్ళకు సరే.

మరి 2023 ఏప్రిల్‌లో మొదలైన తిరుపతి వందే భారత్ ఉంది కదా అంటారేమో. నెల్లూరు నుంచి సికింద్రాబాద్‌కి ఆరు గంటలే, కానీ సాయంత్రం ఎక్కితే అర్ధరాత్రి కావస్తుండగా దిగుతాం, ఆ వేళప్పుడు పెద్దవాళ్ళతో ఆటో వెతుక్కోవడం కష్టం. తిరుగు ప్రయాణానికి మాత్రం దాన్ని మించింది లేదు, పొద్దున్నే ఎక్కితే మధ్యాహ్నం భోజనం వేళకు ఊళ్ళో ఉంటాం. అమ్మకూ అదే నచ్చింది.

ఒంగోలు వాళ్ళయితే విమానం ఆలోచనే వద్దు. గన్నవరం దాకా 160 కిలోమీటర్లు పోయి, అక్కడినుంచి 265 కిలోమీటర్లు ఎగరడం కంటే హాయిగా రైలెక్కండి.