ట్యులిప్ తోటల వారాంతపు యాత్ర: ఆ తెల్ల వ్యాన్ "అన్న" దగ్గర సీటు కొనేముందు ఇది చదవండి

నిన్న రాత్రి పదకొండు దాటాక ఇల్లు చేరాము. కోపం చల్లారకముందే రాస్తున్నాను, ఎందుకంటే చల్లారితే నేను కూడా మిగతావాళ్ళలాగే "పోనీలే, మనవాడే కదా" అని ఊరుకుంటానని నాకు తెలుసు. జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళకు ఆ వాట్సాప్ గ్రూపు గురించి గానీ, ప్రతి గురువారం సాయంత్రం అందులో కొత్త పోస్టరు పెట్టి "నాలుగు సీట్లే మిగిలాయి" అని రాసే ఆ అన్న గురించి గానీ నేను వేరే పరిచయం చేయనక్కరలేదు. పేరు రాయను. తొమ్మిది సీట్ల తెల్ల వ్యాన్ అంటే తెలియాల్సినవాళ్ళకు తెలుస్తుంది.

మాకు పెళ్ళయి ఐదు నెలలు. ఫిబ్రవరిలో నేను ఇక్కడికి వచ్చినప్పటి నుంచి వీలున్న ప్రతి శనివారం ఏదో ఒక ఊరు చూసి వస్తున్నాము. హైడెల్‌బర్గ్ కోట, స్ట్రాస్‌బూర్గ్ పాత ఊరు, కొలోన్ చర్చి గోపురం, అన్నీ మా టికెట్లు మేమే కొనుక్కుని తిరిగాము. కొలోన్‌లో 533 మెట్లు ఎక్కి రెండు రోజులు కాళ్ళు పట్టేశాయన్న మాటే గానీ, ఎక్కడా ఎవరి చేతిలోనూ మోసపోలేదు. "ఎప్పుడూ ఇద్దరమే అయితే ఎలా, ఈసారి మనవాళ్ళతో కలిసి వెళ్దాం" అన్నది నేనే. మా ఆయన రెండుసార్లు వద్దన్నారు. అందుకని నిన్నటి నుంచి ఆయన ఒక్క మాట కూడా దెప్పకపోవడమే నాకు ఎక్కువ బాధగా ఉంది.

ఇద్దరికీ కలిపి 340 యూరోలు. వ్యాన్ ప్రయాణం, ఒక రాత్రి బస, శనివారం నెదర్లాండ్స్‌లోని క్యూకెన్‌హాఫ్ ట్యులిప్ తోట, ఆదివారం ఆమ్‌స్టర్‌డామ్ కాలువల్లో పడవ షికారు, జాన్సె స్కాన్స్ గాలిమరలు, అన్నీ అందులోనే అన్నాడు. డబ్బు పేపాల్‌లో పంపేటప్పుడు "స్నేహితులు, కుటుంబం" అన్న పద్ధతిలోనే పంపమన్నాడు. "వాళ్ళకు ఫీజు కట్టడం దండగ కదా చెల్లెమ్మా, మనలో మనకు ఎందుకు" అన్నాడు. ఆ పద్ధతిలో పంపిన సొమ్ముకు కొనుగోలుదారు రక్షణ, అంటే మోసపోతే డబ్బు వెనక్కి ఇప్పించే ఏర్పాటు, వర్తించదని చదువుకున్నవాళ్ళందరికీ తెలుసు. నాకూ తెలుసు. అయినా పంపాను, ఎందుకంటే నన్ను చెల్లెమ్మా అని పిలిచాడు.

శనివారం తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరాము. మొత్తం నాలుగు జంటలు, స్టీరింగ్ దగ్గర ఆయన. దారిలో పులిహోర పంచిపెట్టాడు. మోసగాడైనా ఆయన ఇంట్లో పోపు బాగా వేస్తారని ఒప్పుకోవాలి. దాదాపు 450 కిలోమీటర్లు వచ్చాక, ఆ తోట ఉన్న లిస్సె ఊరు దగ్గర పడుతుండగా, రోడ్డు పక్కన ఎరుపు, పసుపు, ఊదా చారలతో పూల పొలాలు కనిపించాయి. బండి ఆపి అందరినీ వరసగా నిలబెట్టి తనే ఫోటోలు తీశాడు. అమ్మ పెళ్ళికి పెట్టిన ఆకుపచ్చ పోచంపల్లి చీర కట్టుకుని, పైన చలికోటు వేసుకున్నాను నేను. "కోటు తీసెయ్ చెల్లెమ్మా, ఒక్క నిమిషమే, చీర కనిపించాలి" అన్నాడు. ఆ గాలిలో వణుకుతూ నవ్వాను కూడా. ఆ ఫోటో సంగతి తర్వాత చెబుతాను.

క్యూకెన్‌హాఫ్ ఏడాదంతా తెరిచి ఉండే చోటు కాదు. మార్చి మూడో వారం నుంచి మే రెండో వారం వరకు, సుమారు ఎనిమిది వారాలు మాత్రమే తెరుస్తారు. 32 హెక్టార్ల తోటలో ఏటా దాదాపు 70 లక్షల గడ్డలు నాటుతారు. టికెట్లు ప్రవేశ సమయంతో సహా ముందే కొనుక్కోవాలి, ఏప్రిల్ శనివారాలకైతే ముందుగానే అయిపోతాయి. అందువల్ల గేటు దగ్గర టికెట్ చెల్లకపోతే పక్కకు వెళ్ళి ఇంకొకటి కొనుక్కునే వీలు ఉండదు. ఇది ఆయనకు నాకంటే బాగా తెలుసు.

మా టికెట్లంటూ ఆయన శుక్రవారం రాత్రి పంపినవి రెండు స్క్రీన్‌షాట్లు. కోడ్ ఉన్న గడి మాత్రమే ఉంది. కింద ఉండాల్సిన టికెట్ నంబరు, పైన ఉండాల్సిన ఆర్డరు వివరాలు కత్తిరించేసి ఉన్నాయి. హైదరాబాద్‌లో నాలుగేళ్ళు టెస్టింగ్ ఉద్యోగం చేసి, ఒకే రికార్డు రెండుసార్లు ఎక్కితే పట్టుకున్నందుకు జీతం తీసుకున్న మనిషిని నేను. ఆ రెండు బొమ్మలు చూసి నాకు వచ్చిన ఏకైక ఆలోచన, ఉదయం ఏ చీర కట్టుకోవాలన్నది.

మిగతా మూడు జంటలు ముందు నడిచాయి. నా కొంగు కోటు జిప్పులో ఇరుక్కుంటే సరిచేసుకుంటూ మేము పది నిమిషాలు వెనకబడ్డాము. గేటు దగ్గర అమ్మాయి నా ఫోను స్కాన్ చేసింది, ఎర్ర దీపం వెలిగింది. ఇంకోసారి చేసింది, మళ్ళీ ఎరుపే. మా ఆయన ఫోను పెడితే అదీ అంతే. ఆ అమ్మాయి తన చేతిలోని యంత్రం మా వైపు తిప్పి చూపించి, ఈ రెండు టికెట్లతో 10.52కు ఇద్దరు లోపలికి వెళ్ళారని చాలా మర్యాదగా చెప్పింది. మా వెనక వరసలో ఉన్నవాళ్ళు పక్కకు జరిగి మాకు చోటిచ్చారు. అలా చోటివ్వడం ఎంత అవమానంగా ఉంటుందో ఆ వరసలో నిలబడితేనే తెలుస్తుంది.

ఫోన్ చేస్తే అన్న పార్కింగ్‌లో పడుకుని ఉన్నాడు. నాలుగోసారికి ఎత్తాడు, పావుగంటకు నింపాదిగా నడుచుకుంటూ వచ్చాడు. ఏదో పొరపాటు జరిగింది, చూస్తానంటాడని అనుకున్నాను. అలా అని ఉంటే ఈ రాత ఉండేది కాదేమో. ఆయన నా ఫోను తీసుకుని, స్క్రీన్‌షాట్ చూసి, తిరిగి నా చేతిలో పెట్టి, "ఇవి మీరు ఇంకెవరికైనా పంపి ఉంటారు మేడమ్" అన్నాడు.

మేడమ్. వ్యాన్‌లో పులిహోర పెట్టేటప్పుడు చెల్లెమ్మను, పొలం దగ్గర కోటు తీయమన్నప్పుడు చెల్లెమ్మను, డబ్బు పంపేటప్పుడైతే సొంత చెల్లెలినే. ఎర్ర దీపం వెలగగానే మేడమ్‌ను అయిపోయాను. అప్పటిదాకా "బావా, బావా" అంటూ భుజం మీద చేయి వేసిన మనిషి మా ఆయన వైపు చూడను కూడా చూడలేదు. ఒకే కోడ్ రెండు జంటలకు పంపారు కదా అని మా ఆయన నిదానంగా అడిగితే, "సార్, ఇక్కడ గొడవ చేస్తే మన తెలుగువాళ్ళ పరువు పోతుంది, మెల్లగా మాట్లాడండి" అన్నాడు. తెలుగువాళ్ళ పరువు! ఒక టికెట్‌ను రెండుసార్లు అమ్మినప్పుడు భద్రంగా ఉన్న పరువు, అది ఎందుకు అమ్మావని తెలుగులో అడిగితే పోతుందట.

ఆ లోపలికి వెళ్ళిన జంటలో ఒకరికి ఫోన్ చేశాము. వాళ్ళ స్క్రీన్‌షాట్ పంపమని అడిగితే, "మాకు తెలియదండీ, అన్ననే అడగండి" అని పెట్టేశారు. మధ్యాహ్నం వ్యాన్ దగ్గర కలిసినప్పుడు ముగ్గురు ఆడవాళ్ళూ పూలు ఎంత బాగున్నాయో నాకే చెప్పబోయి ఆగిపోయారు. వాళ్ళ తప్పు ఏమీ లేదని తెలుసు. కానీ ఆ ఆరుగురిలో ఒక్కరైనా "అలా ఎలా చేస్తారండీ" అని ఉంటే బాగుండేది. సాయంత్రం బస, మరుసటి రోజు షికారు, తిరుగు ప్రయాణం, అన్నీ ఆయన చేతిలోనే ఉన్నాయి కాబట్టి ఎవరూ నోరు మెదపలేదు.

మా సంచి ఇచ్చేయండి, మేము మా దారిన వెళ్తామన్నాము. "మిమ్మల్ని ఎవరూ దింపలేదు, మీరే దిగిపోతున్నారు, అందరూ చూస్తున్నారు" అని, ఆ మాట అందరికీ వినిపించేలా రెండుసార్లు అని, సంచి తీసి కంకర మీద పెట్టాడు. చేతికి ఇవ్వలేదు. వెనక్కి ఇవ్వాల్సిన డబ్బు గురించి అడిగితే ఆ తర్వాత ఒక సందేశం పంపాడు: సద్భావంతో ఒక్క టికెట్ డబ్బు, 20 యూరోలు, తదుపరి యాత్రలో తగ్గిస్తాడట. ఆయనతో తదుపరి యాత్ర!

854 నంబరు బస్సు ఎక్కి దగ్గర్లోని లైడెన్ నగరానికి వెళ్ళిపోయాము. అక్కడి విశ్వవిద్యాలయ వృక్షవనం ముందు బల్ల మీద కూర్చుని, తెచ్చుకున్న చపాతీలు తిన్నాము. క్లూసియస్ అనే వృక్షశాస్త్రవేత్త 1590లలో ట్యులిప్‌లు పెంచింది ఆ వనంలోనేనట. నలభై ఏళ్ళు తిరిగేసరికి జనం ఇంకా మట్టిలోనే ఉన్న గడ్డలను కళ్ళతో చూడకుండానే కాగితాల మీద ఒకరికొకరు అమ్ముకోవడం మొదలుపెట్టారని, 1637 ఫిబ్రవరిలో పక్కనే ఉన్న హార్లెంలో కొనేవాడు లేక ఆ బేరం కుప్పకూలిందని మా ఆయన చెప్పుకొచ్చారు. నన్ను నవ్వించడానికే చెప్పారని తెలుసు. వాళ్ళకు కనీసం కాగితమైనా ఉంది, మనకు కత్తిరించిన స్క్రీన్‌షాట్ ఉంది అన్నాను.

ఆ రాత్రి లైడెన్‌లో గదికి 130 యూరోలు. ఆదివారం ఉట్రెక్ట్ మీదుగా ఫ్రాంక్‌ఫర్ట్ రైలుకు, అప్పటికప్పుడు కొన్నందుకు, ఇద్దరికీ 236. ముందు కట్టిన 340తో కలిపితే 706 యూరోలు. ఆ డబ్బుతో మా అంతట మేమే వెళ్ళి ఉంటే తోటా చూసేవాళ్ళం, కిటికీ పక్క సీట్లలో కూర్చుని తిరిగి వచ్చేవాళ్ళం కూడా.

రైల్లో ఉండగానే జరిగింది జరిగినట్టు గ్రూపులో రాశాను. నాలుగు నిమిషాల్లో ఆ సందేశం తీసేశారు, మరో నిమిషానికి నన్నే తీసేశారు. అది నడిపేది కూడా ఆయనేనని అప్పటికి గానీ నా బుర్రకు తట్టలేదు. పేపాల్‌కు ఫిర్యాదు పెట్టాను గానీ ఏ పద్ధతిలో పంపానో వాళ్ళకు కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి పెద్దగా ఆశ లేదు.

మీకు చెప్పగలిగింది కొంచెమే. ప్రవేశ టికెట్లు ఎవరిచేతా కొనిపించకండి, ఆ తోట సొంత వెబ్‌సైట్‌లో మీరే కొనుక్కోండి. లైడెన్ నుంచి 854, స్కిపోల్ విమానాశ్రయం నుంచి 858 నంబరు బస్సులు నేరుగా గేటు దాకా వెళ్తాయి. ఎవరి చేతైనా కొనిపించక తప్పకపోతే, కత్తిరించని పూర్తి టికెట్ పంపేదాకా డబ్బు ఇవ్వకండి. జర్మనీలో ప్రయాణం, బస కలిపి యాత్రగా అమ్మే వ్యాపారి, ముందుగా డబ్బు తీసుకోవాలంటే, తాను దివాలా తీసినా మీ డబ్బుకు పూచీ ఉందని తెలిపే జిషెరుంగ్స్‌షైన్ అనే పత్రం ఇవ్వాలి. దాన్ని అడగండి. "అది పెద్ద కంపెనీలకు, మనది ఫ్యామిలీ ట్రిప్ కదా" అంటే అక్కడే ఆగిపోండి.

ఈ ఉదయం ఒక స్నేహితురాలు వచ్చే వారం యాత్ర పోస్టరు పంపింది. "క్యూకెన్‌హాఫ్‌లో మన సంతోషకరమైన జంటలు, మూడు సీట్లే మిగిలాయి" అని రాసి ఉంది. అందులో కోటు లేకుండా ఆకుపచ్చ పోచంపల్లి చీరలో నవ్వుతున్నది నేనే, పక్కన చలికి చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డది మా ఆయన. ఆ ఫోటో క్యూకెన్‌హాఫ్ లోపలిది కాదు, లిస్సె బయట రోడ్డు పక్కన ఎవరో రైతు పొలం ముందు తీసింది.